తొమ్మిదో ఎక్కం గారి పొద్దుటి లెక్క

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు పవర్ కంట్రోల్ సెంటర్ పార్కింగులో ఒక కారు హారన్ మోగడం మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

గార్డు విసుక్కుంటూ వెళ్ళి అద్దంలోంచి తొంగిచూశాడు. షిఫ్ట్ ఆపరేటర్ స్టీరింగు మీదికి వాలిపోయి ఉన్నాడు. పక్కనున్న కాగితం కప్పులో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. కప్పులో తగ్గింది రెండు గుక్కలే. మనిషి మాత్రం పూర్తిగా చల్లబడ్డాడు.

చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంది. అందులో అతను తన చీఫ్ ఇంజనీరుకు ఒక మెసేజ్ టైపు చేస్తూ మధ్యలో ఆగిపోయాడు.

"సార్, దయచేసి ఇకమీదట గ్రూపులో మీ లెక్కలు పెట్టకండి. మీ లెక్కకీ మన"

అంతే. ఆ 'మన' తర్వాత ఏముందో అతనితోనే పోయింది.

* * *

"ఏ పన్ను నొప్పి?" అడిగింది డెంటిస్టు.

"ఇంకా రాని పన్ను."

కోడ్ సరిపోయింది. డెంటిస్టు కుర్చీని వెనక్కి వాల్చి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళిపోయింది. లోపలి గదిలోంచి మాస్కు పెట్టుకున్న మరో డాక్టరు వచ్చాడు. మాస్కు కిందికి లాగితే, అతను డిపార్ట్‌మెంట్ చీఫ్. అందరూ పెద్దాయన అంటారు.

కుర్చీలో ఉన్నామెకు నలభై ఎనిమిదేళ్ళు. రహస్య సర్వీసులో ఇరవై రెండేళ్ళు గడిపింది. రికార్డుల్లో ఆమెకొక నంబరుంది కానీ డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆమె పిన్ని. ఎవరు చూసినా సొంత పిన్నిని ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఏజెంటుకు అంతకన్నా మంచి వేషం ఏ దర్జీ కుట్టలేడు. ఆమెకన్నా ఇరవై ఏళ్ళు పెద్దయిన పెద్దాయనకూ ఆమె పిన్నే.

"టార్గెట్ పవర్ గ్రిడ్, పిన్నీ. చేస్తున్నది సున్నా ముఠా, విదేశీయులకు పనిచేసే గూఢచారులు. మన తీరానికి అవతల ఒక విదేశీ నౌక మూడు రోజులుగా లంగరేసుకుని కూర్చుంది. రేపు మధ్యాహ్నం పన్నెండుకు ఏదో జరగాలని వాళ్ళ వైర్‌లెస్‌లో విన్నాం. కరెంటు పోతే రాడార్లు నలభై నిమిషాలు గుడ్డివైపోతాయి."

"ఆసుపత్రులు?"

"అవి కూడా. ఆపరేషన్ థియేటర్లు, సొరంగాల్లో రైళ్ళు, అన్నీ."

పెద్దాయన పళ్ళ ఎక్స్‌రేలు చూసే లైటు మీద ఒక ఫోటో పెట్టాడు. సన్నటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, ఇస్త్రీ చేసిన చొక్కా.

"గ్రిడ్ చీఫ్ ఇంజనీరు. భార్య పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. ఉన్న సరదా ఒక్కటే, 'బుర్రకు పదును' అని ఒక ఆన్‌లైన్ గ్రూపు. పొడుపు కథలు, అంకెల చిక్కులు పంచుకుంటారు. రెండు వందల పన్నెండు మంది. అందులో ఈయన పేరు తొమ్మిదో ఎక్కం."

"ఆయనకే చెప్పేస్తే పోదా?"

"ఆయనే వాళ్ళ మనిషైతే?"

పెద్దాయన ఆ పక్కనే ఇంకో ఫోటో పెట్టాడు.

"గ్రూపు అడ్మిన్ జాబిల్లి. టీవీలో క్విజ్ ప్రోగ్రాం చేస్తుందే, ఆవిడే. సున్నా ముఠాలో పనిచేస్తూ ఏడాదిగా మనకు వార్తలు పంపుతోంది."

"అంటే మన మనిషా?"

"అలాగనే చెప్తుంది. వాళ్ళకీ అలాగే చెప్తుందనుకుంటా." పెద్దాయన మాస్కు పైకి లాక్కున్నాడు. "రేపు పదకొండు గంటలకు గ్రూపువాళ్ళంతా మొదటిసారి ఒక హోటల్లో కలుసుకుంటున్నారు. కాఫీలో విషంతో పోయిన ఆపరేటర్ కుర్రాడి మెసేజ్‌లో 'మన' తర్వాత ఏముందో నాకు కావాలి."

* * *

మర్నాడు హోటల్ మూడో అంతస్తు హాల్లోకి ఒక రిటైర్డ్ లెక్కల టీచరు అడుగుపెట్టింది. తలకు కాస్త పౌడరు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, చేతిలో నల్ల గొడుగు. చెవిలో వినికిడి మిషన్ లాంటిది ఉంది. అది పెద్దాయన గొంతు వినడానికి.

గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టారు. "ఫోన్లు ఇక్కడ పెట్టేయండి. రోజూ ఫోన్లలోనేగా మాట్లాడుకునేది, ఇవాళ మొహాలు చూసుకుందాం" అంటున్నాడు ఒక వెయిటరు. మాట మెత్తన. తొడుక్కున్నవి మాత్రం సైనికుల బూట్లు.

హాల్లో అడుగుపెట్టగానే పిన్ని చెవిలో బుస్సుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. ఎవరో సిగ్నల్ జామ్ చేశారు. ఇక ఆమెకు తోడు ఎవరూ లేరు.

తొమ్మిదో ఎక్కం గారు కిటికీ పక్కన ఒక్కరే కూర్చున్నారు. వచ్చిన ప్రతివాళ్ళనీ చూసి లేవబోతున్నారు, మళ్ళీ సిగ్గుపడి కూర్చుంటున్నారు. పిన్ని వెళ్ళి పక్క కుర్చీ లాక్కుంది.

"మీరు తొమ్మిదో ఎక్కం అన్నయ్యగారు కదూ? నేను కొత్తగా చేరాను. టీచర్ని."

ఆయన మొహం విప్పారింది. "ఇవాళ పొద్దున్న నేను పెట్టిన లెక్క చూశారా టీచరుగారూ? రెండంకెల సంఖ్య. అంకెలు కూడితే తొమ్మిది. తిరగేస్తే ఇరవై ఏడు తగ్గుతుంది."

"అరవై మూడు. తిరగేస్తే ముప్పై ఆరు."

"భలే! నిమిషం కూడా పట్టలేదే!" ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "ఇంట్లో మాట్లాడే మనిషి లేరు కదా. పొద్దున్నే ఒక లెక్క పెడితే సాయంత్రానికి నలభై మంది పలకరిస్తారు. ఈ గ్రూపు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో."

"రోజూ కొత్తది ఎలా తడుతుందండీ?"

"తట్టేదేముంది! ఏడింటికి ఆఫీసులో ఒక చిన్న పనుంటుంది, అంకెలతోనే. అది అయ్యాక కూడా ఆ అంకెలు బుర్రలో గిరగిరా తిరుగుతుంటాయి. వాటినే చిక్కుగా అల్లేస్తాను. ఏడుంబావుకల్లా గ్రూపులో పడిపోవాల్సిందే."

పిన్నికి ఆ సగం మెసేజ్ గుర్తొచ్చింది. 'మీ లెక్కకీ మన కోడ్‌కీ సంబంధం ఉంది సార్.' ఆ కుర్రాడు చెప్పాలనుకున్నది అదే. రోజూ ఏడింటికి ఈయన మార్చే గ్రిడ్ మాస్టర్ కోడ్‌ను నొక్కేది అతను. రోజూ ఈ లెక్కలు చదివేదీ అతనే. రెంటికీ పోలిక పట్టుకున్నాడు. ప్రాణం పోగొట్టుకున్నాడు.

అప్పుడే వేదిక మీద లైట్లు వెలిగాయి. నీలం పట్టు గౌనులో జాబిల్లి మైకు అందుకుంది. హాలంతా ఆమె వైపు తిరిగింది.

"ఫ్రెండ్స్! ఒక పొడుపు కథ. తాళం మార్చగలిగే చేయి ఒక్కటే. ఆ చేయి విందుకొచ్చింది. మరి తలుపు దగ్గరున్నది ఎవరు?"

"దొంగ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ గొల్లున నవ్వారు.

జాబిల్లి నవ్వుతూనే పిన్ని కళ్ళలోకి సూటిగా చూసింది. పిన్ని నవ్వలేదు. ఈ స్నేహితుల సమావేశం ఎందుకో ఆమెకు అర్థమైంది. కోడ్ మార్చగలిగిన ఒకే ఒక్క మనిషిని కంట్రోల్ రూముకు దూరంగా కూర్చోబెట్టడానికి!

గోడ గడియారం పదకొండు ముప్పై ఆరు చూపిస్తోంది.

"అన్నయ్యగారూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కాస్త కిందిదాకా దిగబెడతారా?"

"అయ్యో, పదండి పదండి."

గుమ్మంలో బూట్ల వెయిటరు అడ్డం నిలబడ్డాడు. "ప్రోగ్రాం అయ్యేదాకా ఎవరూ వెళ్ళకూడదమ్మా."

"అలాగే నాయనా. ముందీ గొడుగు కాస్త పట్టుకో, చెయ్యి వణుకుతోంది."

పట్టుకున్నాడు. గొడుగు పిడిలోంచి సూది ఒకటి అరచేతిలో దిగింది. అతను ఏదో అనబోయి, గోడకు జారబడి, కునుకు తీస్తున్నవాడిలా కూలబడిపోయాడు.

"పాపం, రాత్రి డ్యూటీ చేసినట్టున్నాడు" అన్నారు తొమ్మిదో ఎక్కం గారు జాలిగా.

లిఫ్టు తలుపులు మూసుకోబోతుండగా నీలం గౌను లోపలికి దూరింది. జాబిల్లి ఒక మడతకాగితం పిన్ని చేతిలో కుక్కింది. "కొత్త కోడ్‌గా ఈ నంబరు వేయించు. వాళ్ళ లిస్టులో లేనిది ఇదొక్కటే."

"నువ్వెవరి మనిషివి?"

"ఈ పూటకి నీ మనిషిని. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్." తర్వాతి అంతస్తులో దిగిపోయింది. ఆమె అత్తరు వాసన మాత్రం కిందిదాకా వచ్చింది.

* * *

కారు మెయిన్ రోడ్డెక్కాక పిన్ని జారే కళ్ళద్దాలు తీసి పక్కన పడేసింది. గొంతు మారిపోయింది.

"అన్నయ్యగారూ, ఇవాళ్టి మీ మాస్టర్ కోడ్ అరవై మూడు, ముప్పై ఆరు, ఇరవై ఏడు, సున్నా తొమ్మిది. అవునా?"

ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. "మీకెలా... ఎవరమ్మా నువ్వు?"

"మీరే చెప్పారు. రోజూ చెప్తున్నారు, రెండు వందల పన్నెండు మందికి. ఏ అంకె ముందో ఏది వెనకో తెలియదు అంతే. ఆ నాలుగింటినీ ఇరవై నాలుగు రకాలుగా పేర్చొచ్చు. ఒక్కొక్కటీ వేసి చూస్తే సరి."

"తప్పు కోడ్ పడితే నిమిషం ఆగాలి. అలా పెట్టాను నేను."

"అంటే ఇరవై నాలుగు నిమిషాల పని."

ఆయన కిటికీ వైపు తిరిగారు. తర్వాత అడిగారు, మెల్లగా. "మా ఆపరేటర్... గుండెపోటు అని చెప్పారు నాకు."

పిన్ని అబద్ధం చెప్పగలదు. ఆమె ఉద్యోగమే అది. కానీ ఎందుకో నోరు రాలేదు. "మీకు చెప్పాలని టైపు చేస్తుండగా చంపేశారు అన్నయ్యగారూ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నాక మళ్ళీ తుడుచుకోవాల్సి వచ్చింది.

* * *

పదకొండు యాభై ఆరు. కంట్రోల్ రూములో మనిషంత స్క్రీను మీద ఎర్ర అక్షరాలు.

ప్రయత్నం 21. తప్పు.

ముఠావాళ్ళు బయటినుంచి వేసిన మొదటి కోడ్ పదకొండు ముప్పై ఆరుకు పడింది. అప్పట్నుంచి నిమిషానికొకటి. మిగిలినవి మూడే మూడు. ఆ మూడింట్లో ఒకటి కచ్చితంగా ఒప్పు.

"లైను కట్ చేయండి!" అరిచింది పిన్ని.

"లైను కట్ చేస్తే గ్రిడ్డే ఆగిపోతుంది. కోడ్ మార్చడం తప్ప దారి లేదు." ఆయన కీప్యాడ్ ముందు కూర్చున్నారు. పక్కనున్న ఆపరేటర్ కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపుకు ఇంకా అతని స్వెట్టరు వేలాడుతోంది. ఆయన చూపు దానిమీద పడి అక్కడే ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, అంకెలు!"

ఆయన నాలుగంకెలు నొక్కి చెరిపేశారు. మళ్ళీ మూడు నొక్కి చెరిపేశారు. "ఏది వేసినా తొమ్మిదికే తేలుతోందమ్మా. ముప్పై ఏళ్ళ అలవాటు. నా లెక్కలన్నీ వాళ్ళ దగ్గరున్నాయి. ఇది కూడా పట్టేస్తారు."

ప్రయత్నం 22. తప్పు.

పిన్ని మడతకాగితం విప్పింది. ఎనిమిదంకెలు, చక్కటి దస్తూరీ. ఇదైతే సగం నిమిషంలో వేసేయొచ్చు. వేలు కీప్యాడ్ దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. వాళ్ళ లిస్టులో లేని నంబరంటే, ఆ లిస్టు రాసిన చేతికి తెలిసిన నంబరే కదా?

కాగితాన్ని జేబులో కుక్కేసింది.

ప్రయత్నం 23. తప్పు.

"లేవండి."

"నీకు రాదమ్మా ఇది."

"అందుకే లేవమంటున్నాను. కొత్త కోడ్ రెండోసారి అడుగుతుందా?"

"అడగదు. పాత మెషీను."

పదకొండు యాభై ఎనిమిది దాటి యాభై సెకన్లు. యాభై రెండు. పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుంది. తల పక్కకు తిప్పుకుంది. వంటింట్లో బొద్దింకను కొట్టినట్టు కీప్యాడ్ మీద ఎనిమిదిసార్లు టపటపా బాదింది. తొమ్మిదోసారి బాదింది పెద్ద పచ్చ బటన్ మీద.

కోడ్ మారినది. 11:58:59.

వెనువెంటనే స్క్రీను మళ్ళీ ఎర్రబడింది.

ప్రయత్నం 24. 63362709. తప్పు.

"అదే! పొద్దున్న నేను వేసింది అదే!" ఆయన స్క్రీను వైపు వేలు చూపించారు.

సరిగ్గా పన్నెండుకు మరొక వరస వచ్చింది. పిన్ని జేబులోంచి కాగితం తీసి పక్కన పెట్టి చూసింది. ఎనిమిదికి ఎనిమిదంకెలూ అవే.

ప్రయత్నం 25. తప్పు.

ఆ తర్వాత స్క్రీను నిశ్శబ్దంగా పచ్చగా వెలుగుతూ ఉండిపోయింది.

* * *

ఒంటిగంటకు తీరానికి అవతల నౌక లంగరెత్తింది. రెండింటికి విమానాశ్రయంలో జాబిల్లి దొరికింది. దొరికిందనే కన్నా, పోలీసుల కోసం కాఫీ తాగుతూ ఎదురుచూసిందనడం నిజం. "నేనే కదా మీ పిన్నిని హెచ్చరించింది! ఆ పొడుపు కథ రాసుకోండి ముందు" అందిట. అదీ నిజమే. ఇద్దరికీ సగం సగం సాయం చేసి, గెలిచినవాళ్ళ వైపు తేలాలని ఆమె ప్లాను.

తొమ్మిదో ఎక్కం గారు హోటల్ బుట్టలోంచి తెప్పించిన తన ఫోను ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. "గ్రూపులోంచి వెళ్ళిపోతానమ్మా. ఆ పిల్లాడి ప్రాణం తీసింది నా సరదా."

"తీసింది వాళ్ళు, మీరు కాదు. రెండు వందల పన్నెండు మందిలో దొంగలు అయిదుగురు. మిగిలినవాళ్ళు ఏమంటున్నారో చూశారా?"

చూశారు. ఎనభై ఆరు మెసేజ్‌లు. అన్నిట్లోనూ ఒకటే. ఎక్కం గారూ, చెప్పకుండా వెళ్ళిపోయారేంటి? ఒంట్లో బాగానే ఉందా? ఆయన చాలాసేపు చదువుతూనే ఉన్నారు. చివరికి ఒక మాట టైపు చేశారు. బాగున్నాను.

పిన్ని చెవిలో పెద్దాయన గొంతు పలికింది.

"శభాష్ పిన్నీ! ప్రధాన కార్యాలయమంతా నీ పేరే. అన్నట్టు గ్రిడ్‌వాళ్ళు లైన్లో ఉన్నారు. సాయంత్రం షిఫ్టుకి ఆ కొత్త కోడ్ ఎంతో అడుగుతున్నారు."

పిన్ని ఆకాశం వంక చూసింది.

"నేను కళ్ళు మూసుకున్నానండి."

ఆ తాళాన్ని తీయడానికి సున్నా ముఠాకు ఇరవై నాలుగు నిమిషాలు పట్టేది. సొంతదారులకు మాత్రం మూడు కమిటీలు, పద్దెనిమిది సంతకాలు, పంతొమ్మిది రోజులు పట్టింది.