ప్రార్థనలో కళ్ళు తెరిచినవాళ్ళు

పెళ్ళిచూపుల్లో పాస్టరు గారు ప్రార్థన మొదలుపెడితే అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మాత్రం ఒక కన్ను తెరిచాను. అమ్మాయిని తీరిగ్గా చూడ్డానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

అవనిగడ్డలో, కాంతారావు గారింట్లో, నా ఎదురు కుర్చీలో ఆయన కూతురు షీబా. తల వంచుకునే ఉంది గానీ కళ్ళు మూసుకోలేదు. ఒళ్ళో ఫోను చూసుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గుడివాడ నుంచి వానలో తడుస్తూ వచ్చింది, ఈవిడ ఇంకెవరితోనో చాటింగ్ చేస్తుంటే చూడ్డానికా?

వరండాలో మాట్లాడుకోమని పంపగానే అడిగేశాను.

"ప్రార్థనలో ఎవరికండీ మెసేజ్‌లు?"

"మీరు చూశారంటే మీ కళ్ళూ తెరిచే ఉన్నాయి కదండీ," అంది, నా వైపు కాకుండా వాన వైపు చూస్తూ.

ఫోను నా ముందు పెట్టింది. తెర మీద నీలం గుండ్రం ఒకటి మెల్లగా పెద్దదవుతోంది, మళ్ళీ చిన్నదవుతోంది. పెద్దదైతే ఊపిరి పీల్చాలి, చిన్నదైతే వదలాలి. తనకు ఆటిజం ఉందని, కొత్త మనుషులూ గోలా ఒక్కసారి మీద పడితే గుండె దడ వస్తుందని, డాక్టరు గారు ఈ యాప్ పెట్టించారని చెప్పింది. పెళ్ళి కుదిరేదాకా ఆ మాట ఎత్తొద్దని వాళ్ళ నాన్న అన్నారట.

"మరి చెప్పేశారే?"

"దాచుకుని కాపురం చేయడం నాకు చేతకాదండీ. మీ అమ్మగారికీ ఇప్పుడే చెప్తాను."

లోపలికి వెళ్ళి అందరి ముందూ చెప్పేసింది. కాంతారావు గారు తల పట్టుకున్నారు. మా అమ్మ సౌభాగ్యమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, పెళ్ళి రోజు చర్చిలో ఆ ఫోను పక్కన పెడతావా అమ్మా అని అడిగింది.

"పెట్టనండీ. మైకుల సౌండ్ కూడా తగ్గించాలి. అలాగైతేనే పెళ్ళి."

"విన్నావా శ్యాంబాబూ? నలుగురూ ఏమనుకుంటారు?"

నిజం చెప్పొద్దూ, నేను షీబా మీద మనసు పారేసుకున్నది సరిగ్గా అప్పుడే. లేచి నా కుర్చీ తీసుకెళ్ళి ఆమె పక్కన వేసుకున్నాను.

"అనుకోనీ అమ్మా. షీబా గారు ఒప్పుకుంటే ఈవిడనే చేసుకుంటాను."

"కుర్చీ జానెడు అటు జరపండి," అంది షీబా. "అప్పుడు నాకూ ఇష్టమే."

జరిపాను.

ఏం చేయాలో తోచక పాస్టరు గారు మళ్ళీ ప్రార్థన ఎత్తుకున్నారు. షీబా ఈసారి ఫోనుని ఒళ్ళో దాచలేదు, టీపాయ్ మీద అందరి మధ్యా పెట్టింది. గుండ్రం పెద్దదైంది, ఇద్దరం పీల్చాం. చిన్నదైంది, వదిలాం.

తలెత్తి చూస్తే అమ్మ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. ఆ గుండ్రాన్నే చూస్తూ, మాతో పాటే ఊపిరి పీలుస్తోంది, వదులుతోంది.

ఆమెన్ అనగానే, చర్చిలో మైకుల వాడితో తనే మాట్లాడతానంది అమ్మ.