పళ్ళచక్రం పుట్టిన దేశం

శుక్రవారం పొద్దున్న కమలాకుమారి పొయ్యి మీద ఇడ్లీపాత్ర పెట్టి, పచ్చడికి కొబ్బరి కోరుతుండగా తమ్ముడు జగన్మోహన్ వాకిట్లో రిక్షా దిగాడు. గోనెసంచి చుట్టిన బరువొకటి పొట్టకు ఆనించుకుని లోపలికి మోసుకొచ్చాడు. వంటింటి గడప పక్కన ఎంత జాగ్రత్తగా దించినా గచ్చు ధన్ మంది.

"అద్దె ఇల్లురా బాబూ! గచ్చు పగిలితే నువ్వు వేయిస్తావా?" అంది కమల.

"ఇలాంటివి పెట్టెలనిండా వచ్చాయక్కా. అవి నా చేతికి రానీ, గచ్చేం ఖర్మ, పాలరాయే వేయిస్తా!"

సంచి విప్పాడు. లోపల నల్లటి జిడ్డు దట్టంగా పూసిన ఇనుప చక్రం. చుట్టూ వంపులు తిరిగిన పళ్ళు. ఒక పక్కన 'ఇంగ్లండులో తయారైనది' అని ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం ముక్క అతికించి ఉంది.

"దీన్ని క్రౌన్ వీల్ అంటారు. కారు వెనక ఇరుసులో ఉంటుంది. ఇది తిరిగితేనే కారు కదిలేది. క్రౌన్ అంటే కిరీటం."

"కిరీటానికి ఇంత జిడ్డేంట్రా?"

"సముద్రం దాటి రావాలి కదా, తుప్పు పట్టకుండా పూస్తారు. మొదటి సరుకు, దేవుడి దగ్గర పెట్టి నాలుగు అక్షింతలు వెయ్యి. మధ్యాహ్నం వచ్చి పట్టుకుపోతా. రేపు పొద్దున్నే గిడ్డంగిలో మళ్ళీ అప్పచెప్పాలి."

జగన్మోహన్ మెకానిక్ షెడ్లలో ఏళ్ళతరబడి నూనెగుడ్డలు ఉతికినవాడు. ఆ తర్వాత నారాయణగూడలో కారు సామాన్ల కొట్టు పెట్టాడు. ఇన్నాళ్ళూ బొంబాయి వర్తకుల దగ్గర కొని అమ్మేవాడు. ఇప్పుడు మొదటిసారిగా లైసెన్సు సంపాదించి, పాత ఇంగ్లీషు కార్లకు కావలసిన భాగాలు నేరుగా ఇంగ్లండు నుంచి తెప్పించాడు. మద్రాసు రేవులో దిగిన సరుకు సీళ్ళతో హైదరాబాదు వచ్చి, కవాడిగూడలో సర్కారు తాళం వేసిన గిడ్డంగిలో ఉంది. కొనేవాళ్ళకు చూపించడానికి నమూనాగా ఒక్క చక్రం బయటికి తెచ్చుకోవడానికి అనుమతి ఇచ్చారు. సుంకం కట్టాకే మిగతావి వదులుతారు. ఇంగ్లండులో తయారైనవైతే సుంకం తక్కువ. వేరే దేశానివని తేలితే ఎక్కువ. తక్కువ సుంకం లెక్క మీదే అతను కొట్టు తాకట్టు పెట్టాడు. ఎక్కువ పడిందంటే ఆ కొట్టు ఇక అతనిది కాదు.

కమల భర్త విశ్వేశ్వరరావు కస్టమ్స్‌లో సరుకు చూసి, అది ఏ దేశానిదో, దానికెంత సుంకమో తేల్చే అధికారి. తెలుగు బళ్ళో పలక పట్టి, వాళ్ళింట్లో మొట్టమొదట బి.ఏ. పాసైన మనిషి. సరుకు వచ్చిందని తెలిసిన రోజే పైఅధికారికి, "అది మా బావమరిదిది. నేను చూడకూడదు, ఇంకొకరికి ఇవ్వండి" అని చెప్పేశాడు. అది జగన్నాథరావు అనే ఆయన చేతికి వెళ్ళింది. ఆనాటినుంచీ కమలకు మొగుడి మీద కినుకే. సొంతవాడికి ఒక్క మాట సాయం చేస్తే ఏం పోతుంది?

స్నానం చేసి వచ్చిన విశ్వేశ్వరరావు గడప దగ్గర సంచి చూసి ఆగిపోయాడు.

"బావగారూ, ఒక్కసారి చూడండి..."

"చూడను."

"చూస్తే కళ్ళు పోతాయా?" అంది కమల.

"కళ్ళు పోవు. నా మాట పోతుంది." ఆయన పీట గోడవైపు తిప్పుకుని కూర్చుని, చక్రానికి వీపు పెట్టి ఇడ్లీలు తిన్నాడు. కమలకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

మగవాళ్ళిద్దరూ వెళ్ళాక పనిమనిషి హనుమమ్మ గిన్నెలకు వచ్చి, చక్రాన్ని కాలిబొటనవేలితో తోసి చూసింది.

"ఏందమ్మా ఇది, గింత బరువున్నది? రుబ్బురోలుకు కొత్త మూతనా?"

"కాలు తియ్యవే! పూజలో పెట్టేది."

"గీ మురికిదా? మీ దేవుడు జర తుమ్ముతడు."

హనుమమ్మ మాట నిజమే అనిపించింది. జిడ్డుతో ఉన్నదాన్ని దేవుడి ముందు ఎలా పెడతాం? కమల నీళ్ళు కాచింది. కుంకుడుకాయ పులుసు పోసి కొబ్బరిపీచుతో జిడ్డంతా వదలగొట్టింది. ఆపైన ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు, ఇటుకపొడి పట్టించి తోమింది. కాగితం ముక్క ఎప్పుడు గుజ్జయి కొట్టుకుపోయిందో చూసుకోలేదు.

ఆఖరి చెంబు నీళ్ళు పోసి ఇద్దరూ వంగి చూశారు. చక్రం వెండిలా ఉంది. ఏ పన్ను చూసినా ఒకే వంపు, ఒకే నునుపు. ఆకాశం వెలుగు పన్ను మీంచి పన్ను మీదికి జారుతోంది.

"అమ్మో! మనిషి చేతితోటి అయితదా ఇట్ల?" అంది హనుమమ్మ లెంపలు వేసుకుంటూ.

కమల తుడిచి తిరగేసింది. వెనకవైపు జిడ్డు కింద ఇన్నాళ్ళూ దాగిన అక్షరాలు ఉబ్బెత్తుగా పైకి తేలి ఉన్నాయి. థర్డు ఫారం వరకు చదివిన ఇంగ్లీషు కూడగట్టుకుని ఒక్కొక్కటే చదివింది. ఎస్, డబ్ల్యూ, ఈ... స్వీడెన్. ఏదో కంపెనీ పేరు కాబోలనుకుని పసుపు, కుంకుమ పెట్టి పీట మీద ఉంచింది.

మధ్యాహ్నం వచ్చిన జగన్మోహన్ పీట మీది చక్రాన్ని చూసి మురిసిపోయాడు. చేతిలోకి తీసుకుని తిప్పాడు. అంతే, మొహంలో నెత్తురు లేదు.

"ఎవరు కడగమన్నారక్కా నిన్ను?"

"పూజలో పెట్టమన్నావు కదరా!"

"పెట్టమన్నాను, తోమమన్నానా? ఇది స్వీడన్‌ది! ఇంగ్లండుది కాదు. కొట్టు పోయిందే అక్కా. నేను మునిగిపోయాను."

 కమల తేరుకునేలోపల అతను పెరట్లోకి పరిగెత్తాడు. సైకిలు సామాన్ల డబ్బాలోంచి ఆకురాయి తీసి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని అక్షరాల మీద గీస్తున్నాడు. ఆకురాయి కీచుమంటూ జారిపోతోంది. అక్షరం అరగడం లేదు. పైన నాలుగు తెల్లటి గీతలు మాత్రం పడ్డాయి.

"ఒరే, ఆపరా! తప్పురా!" కమల అతని చెయ్యి పట్టుకుని లాగింది.

"వదులు! రేపు జగన్నాథరావు చూసేది దీన్నే. ఇది పోతే..."

"పోదు" అన్న మాట వెనకనుంచి వినిపించింది. విశ్వేశ్వరరావు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊళ్ళో తెలంగాణా గొడవలు ముదిరి బస్సులు ఆగిపోయాయని ఆఫీసు తొందరగా మూశారు.

 కమలే ముందు తేరుకుంది.

"ఏమండీ, మీరు ఏమీ చూడలేదనుకోండి. పొద్దున గోడవైపు తిరిగి కూర్చోలేదూ? ఇప్పుడూ అలాగే తిరగండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పొద్దున తిరిగింది చూడకుండా ఉండాలని. చూశాక తిరగడం నాకు చేతకాదు కమలా." ఆయన సైకిలు గోడకు ఆనించాడు. "జగన్, ఈ గీతల సంగతి నువ్వే రేపు చెప్పాలి. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది."

జగన్మోహన్ ఆకురాయి విసిరికొట్టాడు. "చెప్పండి! మీరు ముందు కస్టమ్స్, ఆ తర్వాతే బావ. ముద్రలకు మీరిచ్చే విలువ మనిషికి ఇవ్వరు. మా అక్క ఈ ఇంట్లో మీకు వండిపెడుతోంది, అదైనా గుర్తుందా?"

"నోర్ముయ్‌రా!" అంది కమల. కానీ ఆ మాట తన నోటినుంచి రావలసిందేనని తనకూ తెలుసు.

 విశ్వేశ్వరరావు అరుగు మీద కూర్చుని, పొద్దున్నుంచీ చూడనన్న చక్రాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. పళ్ళ మీద వేలు పోనిచ్చి ప్రతి వంపునూ తడిమాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన పని ఎలా చేస్తాడో కమల ఎన్నడూ చూడలేదు. చంటిబిడ్డ తల నిమిరినట్టు ఉందది.

"కమలా, పొద్దున నువ్వు పెట్టిన ఇడ్లీకి బియ్యం ఎక్కడివి?"

"ఇప్పుడు బియ్యం సంగతేంటండీ? మిర్యాలగూడవి."

"మినప్పప్పు?"

"పిన్ని బందరునుంచి పంపింది."

"మరి ఇడ్లీ మిర్యాలగూడదా, బందరుదా?"

"భలేవారే! నానబోసి, రుబ్బి, పులియబెట్టి వండిందాన్ని నేనిక్కడుంటే! అశోక్‌నగర్‌ది. నాది."

"చిక్కడపల్లి హోటల్లో కొన్న ఇడ్లీ తెచ్చి, నువ్వు వేడిచేసి పెడితే?"

"అది నాదెలా అవుతుంది? సిగ్గులేకుండా నాదని చెప్పుకుంటానా?"

"మా రూలూ అంతే. ఇంగ్లండు నుంచి ఓడ ఎక్కినంత మాత్రాన ఇంగ్లండుది కాదు. స్వీడన్ ముద్ర ఉన్నంత మాత్రాన స్వీడన్‌దీ కాదు. దానికి పట్టిన సామానూ, చేసిన కష్టమూ కలిపి, ఖర్చులో కనీసం సగం ఇంగ్లండుదై ఉండాలి." ఆయన చక్రాన్ని వెలుగుకు ఎత్తాడు. "స్వీడన్ కొండల్లో ఇనుము తవ్వారు. కరిగించి, పెద్ద సమ్మెటల కింద గుండ్రంగా కొట్టారు. ఈ అక్షరాలు అప్పటివి. అప్పుడిది ఉత్త ముద్ద. ఒక్క పన్ను లేదు. ఈ పళ్ళు ఎక్కడ కోశారో, ఎక్కడ నిప్పుల్లో పెట్టి గట్టిపరిచారో, అది తేలాలి. ఆకురాయి ఎందుకు జారిందనుకున్నావు జగన్? ముద్దగా ఉన్నప్పటి మెత్తని ఇనుమైతే కోసుకుపోయేది. ఆ నిప్పు ఇంగ్లండుదైతే నీ సరుకు ఇంగ్లండుదే కావచ్చు. తేల్చేది నేను కాదు."

కమల నోరు తెరుచుకుని వింటోంది. ఎక్కడి కొండ, ఎక్కడి నిప్పు, ఎన్ని సముద్రాలు! పేరూ మొహమూ తెలియని ఎందరి చేతులో దాటి వచ్చిన వస్తువును తాను చింతపండుతో తోమింది. చేతులవంక చూసుకుంటే ఒళ్ళు జలదరించింది.

"అంటే..." జగన్మోహన్ చక్రం దగ్గరికి జరిగాడు. "ఈ ముద్ర ఉన్నా ఫర్వాలేదా?"

"ముద్రవల్ల పోయేదేమీ లేదేమో. చెరపబోయావు చూడు, పోతే దానివల్ల పోతుంది."

జగన్మోహన్ నేలమీద కూలబడ్డాడు. "భయం బావగారూ. ఈమధ్య కొట్లో ఎవరైనా 'ఏ ఊరన్నా మీది' అంటే నాకు నోరు పడిపోతోంది. బందరు అంటే ఏమంటారోనని నల్గొండ అని చెబుతున్నాను. అబద్ధాలాడి ఆడి, ఎక్కడిదన్న ప్రశ్న వింటేనే చెరిపెయ్యాలనిపిస్తోంది."

కమల గుండె కలుక్కుమంది. రోజూ ఇంటికొచ్చి నవ్వించే తమ్ముడు ఇది మోస్తున్నాడని తనకు తెలియనే లేదు. విశ్వేశ్వరరావు చక్రాన్ని పక్కన పెట్టి, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. 

మర్నాడు తమ్ముడితో కమల కూడా బయల్దేరింది. తోమింది తాను కదా, చెప్పాల్సింది తాను చెప్పాలి. "మీరు రారా?" అంటే విశ్వేశ్వరరావు "నేను రాకూడదు" అన్నాడు. ఆ మాటకు పాత కినుక మళ్ళీ మొలకెత్తింది.

గిడ్డంగిలో అడుగుపెట్టగానే ఆమెకు కోవెలలోకి వచ్చినట్టయింది. కప్పు దాకా పెట్టెలు. వాటి మీద తాను చదవలేని లిపులు, ఓడల బొమ్మలు, గొడుగుల గుర్తులు. ప్రపంచమంతా వచ్చి కవాడిగూడలో తలదాచుకుంటున్నట్టుంది.

జగన్నాథరావు కళ్ళజోడు సవరించుకుని చక్రం తిప్పి చూశాడు. "ఇది ఇంత తళతళలాడుతోందేం?"

"నేను తోమానండి, పూజకని" అంది కమల.

"దేనితో?"

"చింతపండుతో."

ఆయన మీసాల్లో నవ్వు కదిలింది. అంతలోనే గీతలు కనబడ్డాయి. "ఇవి?"

జగన్మోహన్ ఒక అడుగు ముందుకు వేశాడు. 

"నేనే సార్. ముద్ర చూసి భయపడి ఆకురాయితో గీశాను."

"ఊఁ. రాసుకుంటాను. సంజాయిషీ ఇవ్వాలి. పై నుంచి మందలింపో, జరిమానానో రావచ్చు. దానికి నేను హామీ ఇవ్వలేను. మీది ఏ ఊరు?"

"పుట్టింది బందరు సార్. పని నేర్చిందీ, కొట్టు పెట్టిందీ నారాయణగూడలో."

జగన్నాథరావు ఇంకో నాలుగు పెట్టెలు తెరిపించాడు. జిడ్డు తుడిపించి చూస్తే అన్నిటికీ అదే ముద్ర. తన ఆకురాయితో ఒక పంటి మీద గీసి, అది జారడం చూసి తల ఊపాడు. "ముద్ద స్వీడన్‌ది. పళ్ళపనీ, నిప్పుపనీ ఇంగ్లండువని అనిపిస్తోంది. అనిపిస్తే చాలదు. తయారుచేసినవాళ్ళు ఏ పనికెంత ఖర్చయిందో రుజువు పంపాలి. అంతవరకు హామీపత్రం మీద సరుకు వదులుతాను. రుజువు రాకపోతే తేడా కట్టాలి." కళ్ళజోడు తీసి నెమ్మదిగా అన్నాడు, "ఒక్కమాట. విశ్వేశ్వరరావుగారు ఈ సరుకు గురించి ఇంతవరకు నాతో నోరెత్తలేదు. కాబట్టే ఈ మాట నేను ధైర్యంగా రాయగలుగుతున్నాను. ఆయన ఒక్కసారి అడిగి ఉంటే, సరుకు నిజంగా ఇంగ్లండుదైనా నమ్మేవాడుండడు."

 ఆ మాట చెవిలో గింగురుమంటుండగానే కమల బయటికి వచ్చింది.

గేటుకు ఎదురుగా ఎండలో, నీడ లేని గోడ పక్కన, సైకిలు పట్టుకుని విశ్వేశ్వరరావు నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"ఎంతసేపైందండీ వచ్చి?"

"మీ వెనకే వచ్చాను."

"ఇంత ఎండలోనా? లోపలికి రావచ్చు కదా!" అంది. అన్నాక తన మాటకు జవాబు తనకే తెలిసి, కళ్ళు నిండిపోయాయి. ఇన్నాళ్ళూ పట్టనితనం అనుకున్నది ఇది. జగన్ నిజం మీద తన నీడ పడకూడదని ఈయన ఎండలో నిలబడ్డాడు. ఎన్నేళ్ళుగానో పక్కన ఉన్న మనిషిని ఆమె మొదటిసారి చూస్తున్నట్టుగా చూసింది.

జగన్మోహన్ రోడ్డు మీదే ఆయన కాళ్ళకు వంగబోయాడు.

"ఇక్కడొద్దురా, లోపలివాళ్ళు చూస్తారు" విశ్వేశ్వరరావు అతని రెక్క పట్టి లేవనెత్తాడు.  "ఇంటికి పద. ఇంట్లో నీకు బావని."

కమల పైటకొంగుతో ఆయన మొహం మీది చెమట తుడిచింది. పెళ్ళయ్యాక రోడ్డు మీద, నలుగురి కళ్ళముందు ఆమె అలా తుడవడం అదే మొదలు.