ఫ్లెక్సీ కట్టిన ఏసీ కారు

పెళ్ళయి గంట కూడా కాలేదు, రిబ్కాకు మొగుడి మీద కోపం నషాళానికి అంటింది.

"ఏసీ వేసిన్రా, వెయ్యలేదా?"

"వేసే ఉంది," అన్నాడు సిలాసు, మెడకు బిగుసుకున్న టైని వేలితో వదులు చేసుకుంటూ.

"మరి గీ గాలేంది? పొయ్యి ముంగట కూసున్నట్టున్నది."

"జర ఆగు. సల్లవడ్తది."

"ఎక్కిన సంది ఇదే మాట చెప్తున్నరు!"

మే నెల, బీదర్, మిట్టమధ్యాహ్నం. ఈ మూడూ కలిసిన చోట బుద్ధున్న వాడెవడూ ఊరేగింపు పెట్టడు. పెట్టింది గిద్యోను మామ. సిలాసుకు మేనమామ, మంగళగి ఊళ్ళో పొలాలున్న ఆసామి, అన్న మాట వెనక్కి తీసుకోవడం నేర్చుకోని మనిషి. చర్చి నుంచి గాంధీ గంజ్ అవతలి ఫంక్షన్ హాలుకు మామూలుగా పది నిమిషాలు పట్టదు. ఇవాళ ముందు బ్యాండు, దాని వెనక ఎగిరే కుర్రాళ్ళు, వాళ్ళ వెనక చుట్టాలు, అందరి వెనక మామగారి కొత్త తెల్ల కారు. అది నడుస్తోందనడం కంటే దేకుతోందనడం న్యాయం.

పెళ్ళి ప్రార్థన సాగినంత సేపూ ఆ కారు చర్చి ముందు మండుటెండలో నిలబడి ఉంది. ఎక్కగానే సీటు చీరలోంచి చురుక్కుమంది. తల మీద ముసుగు, చేతులకు తెల్ల గ్లోవ్సు, ఒళ్ళో పూలగుత్తి. పార్లరమ్మాయి పొద్దున్నంతా కష్టపడి రిబ్కా ముఖానికి వేసిన రంగు ఇప్పుడు గడ్డం దగ్గరికి వచ్చి చేరింది. ఇక లాభం లేదని ఆమె కిటికీ అద్దం దించింది.

మామ ఎక్కణ్ణుంచి చూశాడో, భుజం మీది సన్మానం శాలువా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఎత్తమ్మా, ఎత్తు! సల్లగాలంత బయటికి పోతాంది!"

"ఏం సల్లగాలి మామా, లోపల ఉడికిపోతున్నం!"

"కొత్త బండి గదా, టైం తీస్కుంటది. అద్దం దించితే జనం ఏమనుకుంటరు? గిద్యోను బండికి ఏసీ లేదనుకుంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

డ్రైవర్ ఖండప్పకు సైగ చేశాడు. ఖండప్ప ముందు సీట్లోంచే మీట నొక్కాడు. అద్దం పూర్తిగా మూసుకున్నాక మామ తృప్తిగా బ్యాండు దగ్గరికి వెళ్ళిపోయాడు.

రిబ్కా మొగుడి వైపు తిరిగింది. "మీరు కార్లు అమ్ముతరు గదా. దీనికి ఏం రోగమొచ్చిందో మీకు తెల్వదా?"

తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది. బీదర్‌లో ఒక కార్ల షోరూంలో సేల్స్ పని సిలాసుది. స్కూటర్ కొందామని బయలుదేరిన వాడికి కూడా కారు అంటగట్టగలడని పేరు. అంత నోరూ షోరూం గుమ్మం దిగగానే మూతపడుతుంది.

"ముంగట ఫ్లెక్సీ కట్టిండు గదా మామ," అన్నాడు మెల్లగా. "లోపలి వేడిని బయట పారేసే జాలీ సరిగ్గ దాని ఎనకనే ఉంటది. దానికి గాలి తగులుతెనే ఏసీ పని జేస్తది. బండికి స్పీడు లేకపాయె. వచ్చే జర్రంత గాలికి ఫ్లెక్సీ అడ్డమాయె."

ఫ్లెక్సీ అంటే చిన్నదేం కాదు. బానెట్ అంచు నుంచి బంపర్ కింది దాకా, సుతిలి తాళ్ళతో బిగించి కట్టింది. పైన బైబిలు వాక్యం. ఓ మూల నిమ్మకాయలంత పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. నట్టనడుమ చేతులు జోడించి నిలువెత్తు గిద్యోను మామ.

"అంటే మీ మామ మొకం అడ్డమొచ్చి మనకు గాలి వస్తలేదు."

ముందు సీట్లో ఖండప్ప దగ్గాడు. నవ్వును దగ్గుగా మార్చే విద్య డ్రైవర్లందరికీ వచ్చు.

"ఇప్పమని చెప్పొచ్చు గదా?"

"మామ కదా... బాధపడ్తడు."

"మనం ఉడికితే బాధపడడా?"

సిలాసు టైని ఇంకాస్త వదులు చేసుకున్నాడు. బడిలో ఉండగానే వాళ్ళ నాన్న పోతే తెచ్చి సాకింది ఈ మామే. చదువు మామ చెప్పింది, ఉద్యోగం మామ ఊఁ అన్నది, ఇవాళ ఒంటి మీదున్న కోటు రంగు కూడా మామ ఎంచిందే. పెళ్ళిచూపుల రోజు ఇదంతా విని, పెద్దల మీద గౌరవం ఉన్న పిల్లవాడని రిబ్కా ముచ్చటపడింది. ఇప్పుడు ఈ ఉక్కలో ఆ ముచ్చట ఆమెకు మంటెక్కిస్తోంది.

వాతావరణం చల్లబరుద్దామని పాపం ఖండప్ప నోరు విప్పాడు.

"ఇయ్యాల ఒక్కదినమేనమ్మా ఎండ. రేపటి సంది మంగళగిల సల్లగుండొచ్చు. ఇంట్ల మీరుండే అర్రకు సున్నం గూడ ఏపిచ్చిండు అయ్య. కొత్త కూలర్ తెచ్చిండు."

"ఏ అర్ర?"

ఖండప్పకు తను ఎక్కడ కాలు పెట్టాడో అర్థమైంది. "హాలుల మైకు పట్టుకొని అయ్యనే చెప్తడంట... నాకేం తెల్వదమ్మా," అని స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

రిబ్కా బీదర్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. కష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం. ఏ వేళకు ఏ డ్యూటీ పడుతుందో తెలియదు, మంగళగి నుంచి రోజూ వచ్చిపోవడం అయ్యే పని కాదు. సంబంధం కుదిరాక జ్యూస్ సెంటర్లో కూర్చుని ఈ సంగతి ఆమె విడమరిచి చెప్పింది. సిలాసు షోరూం నవ్వు నవ్వి, బీదర్లోనే కిరాయికి ఇల్లు తీసుకుందాం, నాది గ్యారంటీ అన్నాడు.

"గ్యారంటీ అన్నవ్ గదా!" అంది రిబ్కా. మూడు నెలలుగా నోట నానిన 'మీరు' ఆ కోపంలో ఎటుపోయిందో పోయింది. "మీ మామకు చెప్పినవా, లేదా?"

"చెప్దామనే..."

"ఎప్పుడు?"

"పెళ్ళి అయినంక, మెల్లగ..."

"పెళ్ళి అయింది! నా నౌకరీ నీకు మెల్లగ చెప్పే ముచ్చటనా?"

గంజ్ దగ్గరికి వచ్చేసరికి ఊరేగింపు నిలిచిపోయింది. కంది బస్తాల లారీ ఒకటి మలుపు తిరగబోయి దారికి అడ్డంగా ఇరుక్కుంది. హమాలీలు బస్తాలు వదిలేసి బ్యాండు చూస్తున్నారు. కారు ఆగడంతో ఏసీ రంధ్రాల్లోంచి వచ్చే ఆ కాస్త గాలీ వేడిగా మారింది.

"సిలాసన్నా, సూది ఎర్రగీతకు పోతాంది," అన్నాడు ఖండప్ప. "ఇంజన్ ఖరాబైతది. ఏసీ బంద్ చేస్తున్న."

ఏసీ ఆగింది. అద్దాలు మాత్రం మామ ఆజ్ఞ ప్రకారం మూసే ఉన్నాయి.

"విను," అంది రిబ్కా. "ఫ్లెక్సీ ఇప్పమని చెప్పలేనోనివి ఇంటి సంగతి ఏం చెప్తవ్? ఆయన మైకుల చెప్తడు, నువ్వు తల ఊపుతవ్, నేను సూట్‌కేసు పట్టుకొని మంగళగి పోవాలె. ఎండ మీద నాకు కోపం లేదు సిలాసూ. నీ మీదనే. హాలు రాకముందే చెప్పు. లేకుంటే నేను మైకు గుంజుకొని అందరి ముంగట చెప్త."

చెబుతూ చెబుతూ ఉండగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. ముసుగు కొంగుతోనే ముక్కు తుడుచుకుంది.

సిలాసు ఆమెను చూశాడు. ఆ తర్వాత తలుపు తీసుకుని దిగిపోయాడు.

పారిపోయాడనుకుంది రిబ్కా. కానీ అతను బ్యాండును దాటి, లారీ వాణ్ణి అదిలిస్తున్న మామను మోచెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు. వెనక తలుపు తెరిచి ఆయన్ను పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టి, తను ముందు సీట్లో కూర్చుని తలుపేశాడు.

"ఏందిరా? ఆడ లారీ... అబ్బ, గిదేందిరా, బట్టీ లెక్కున్నది! ఏసీ పెట్టు!"

"పెట్టినం మామా. రాదు. నీ ఫ్లెక్సీ ఇప్పితేనే వస్తది."

"ఫ్లెక్సీకి ఏసీకి ఏం సంబంధంరా? ఏసీ లోపల ఉంటది, ఫ్లెక్సీ బయట ఉంటది!"

"ముక్కు మూసి ఊపిరి తీస్కోమంటే తీస్కుంటవా?"

"నా ఫొటో పెద్దగున్నదని నీకు కోపం!"

"ఫొటో గురించి కాదు మామా," అన్నాడు సిలాసు. "ఇంకో మాట గూడ ఉన్నది. మేం మంగళగి రాము. రిబ్కా డ్యూటీ ఇడిసిపెట్టది. బీదర్లనే ఉంటం. పెళ్ళికి ముందే నీకు చెప్పాల్సింది, నువ్వు కోపానికొస్తవన్న బుగులుకు చెప్పలే. తప్పు నాది. ఆమెది కాదు."

మామ భుజం మీది శాలువా తీసి ముఖం తుడుచుకుని సీటు మీద పడేశాడు.

"సున్నం ఏపిచ్చిన గదరా," అన్నాడు చివరికి. ఆ మాటలో కోపం కంటే దెబ్బ ఎక్కువ వినిపించింది.

ఆ తర్వాత ముగ్గురూ ఒకేసారి అరిచారు. మామ తను చేసిందంతా ఏకరువు పెట్టాడు. సిలాసు ఒక్కటీ కాదనలేదు, ఇల్లు మాత్రం బీదర్లోనే అన్నాడు. రిబ్కా ఇద్దరి మీదా అరిచింది. మూసిన అద్దాల వెనక మాట వినిపించక, చేతులు ఊగడం మాత్రమే కనిపించి, హమాలీలు బ్యాండును వదిలి కారు చూడటం మొదలుపెట్టారు.

"నేను సాదిన పోరడు నా మీదికే ఒర్రుతుండు! ఎవలు నేర్పిన్రు వీనికి?"

"నేనే నేర్పిన మామా," అంది రిబ్కా. "చర్చి కాడి నుంచి గీడి దాక పట్టింది."

మామ ఆమెను ఎగాదిగా చూశాడు. దిగి తలుపు ధడాలున వేశాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇక ఇంటికి వెళ్ళిపోతాడనుకున్నారు. ఆయన కారు ముందుకెళ్ళి వంగి సుతిలి ముళ్ళు విప్పసాగాడు. సాయానికి దిగిన ఖండప్పను కసిరి దూరం పంపాడు. ఫ్లెక్సీ చుట్టి చంకలో పెట్టుకుని, కారు వైపు చూడకుండానే బ్యాండు వాళ్ళకు కానిమ్మని చెయ్యి ఊపాడు.

సిలాసు వెనక సీట్లోకి మారాడు. లారీ కదిలింది. ఇంజన్ కాస్త నెమ్మదించాక ఖండప్ప మళ్ళీ ఏసీ వేశాడు. కాసేపటికి గాలిలో వేడి తగ్గింది.

"గింతనేనా సల్లదనం?"

"గీ ఎండకు, గీ నడకకు గింతనే. హైవే మీదైతే వణుకుతవ్."

"గిరాకీలకు గీ మాట చెప్తవా?"

"చెప్ప."

నవ్వొచ్చింది రిబ్కాకు, కానీ బయటపడనివ్వలేదు. సిలాసు చూపు ముందు నడుస్తున్న మామ మీదే ఉంది. శాలువా లేదు, గొడుగు లేదు, చంకలో ఫ్లెక్సీ. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. రిబ్కా గ్లోవ్ తీసేసి తన చెయ్యి అతని చేతి మీద పెట్టింది.

హాల్లో అనుకున్నట్టే మామ మైకు అందుకున్నాడు. స్టేజీ మీద రిబ్కా కుర్చీ అంచుకు జరిగింది. ఆయన కారులో ఔననలేదు, కాదనలేదు.

"నా మేనల్లుడు సిలాసు పుట్టిన సంది నా మాట దాటలే," అన్నాడు మామ. "ఇయ్యాల గంజ్ నడుమల దాటిండు."

మామ మైకు ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నాకు మస్తు కోపమున్నది. ఇంక పోలే. పిల్లలు బీదర్లనే ఉంటరంట. ఉండనీ. గని కిరాయి ఇల్లు చూసుడు వీనికి వస్తదా? గోడల రంగు చూస్తడు, నల్లాల నీళ్ళు వస్తయా లేదా చూడడు. ఇల్లు నేనే చూస్త. గింత ఎండల గల్లీ గల్లీ తిరుగుత. దీనికి గూడ కాదంటే నేను గీ దావత్ల బువ్వ ముట్ట!"

ముందు వరుసలో కూర్చున్న రిబ్కా తల్లి ఎలీసబెతమ్మ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. మామ ముఖం గంటు పెట్టుకునే స్టేజీ ఎక్కి, ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి, దీవిస్తున్నాడో తిడుతున్నాడో తెలియకుండా గొణిగి దిగిపోయాడు.

"కోపం పోయిందా?" అని గుసగుసగా అడిగాడు సిలాసు.

"లే. ఇంటి తాళం చేతికి వచ్చినంక చూద్దాం."

"ఒక మాట చెప్పాల్నా?"

"చెప్పు."

"పెళ్ళిచూపులల్ల నువ్వు నచ్చినవ్. మామ గూడ మంచి పిల్ల అన్నడు, సరే అన్న. ఇయ్యాల కార్ల నువ్వు ఒర్రుతుంటే... ఎవ్వల్ని అడగకుండ నాకు నువ్వంటే ప్రేమ పుట్టింది."

రిబ్కా ముసుగు సర్దుకుంది.

"వినవడలే," అంది. "గట్టిగ చెప్పు."

సిలాసు గట్టిగానే చెప్పాడు. ముందు వరుసలో అందరూ తలలెత్తి చూశారు. గిద్యోను మామ కూడా చూశాడు. సిలాసు గొంతు తగ్గించలేదు.