పెద్దక్క నేర్చుకున్న పాఠం

2068 నాటికి కాకినాడ ఆసుపత్రుల్లో గంట నొక్కి నర్సును పిలిచే అలవాటే పోయింది. పిలవకముందే నర్సు వచ్చేస్తుందని అందరి నమ్మకం మరి. అదంతా శ్వాసదర్శిని అనే యంత్రం చలవ. మనిషికి ముంచుకొచ్చే ప్రమాదం అన్నిటికంటే ముందు ఊపిరిలో కనిపిస్తుంది. ప్రతి మంచానికీ పైన ఉన్న కెమెరా కన్ను ఛాతీ కదలికలు లెక్కపెట్టి, ఆరు గంటల తర్వాత రాబోయే ఆపదను ఇప్పుడే చెబుతుంది.

నర్సులు ఆ యంత్రాన్ని పెద్దక్క అంటారు. దానికి పాఠాలు చెప్పింది డాక్టర్లు కాదు, చీఫ్ నర్సు కరుణకుమారి. ఉత్తమ వార్డుగా పేరుపడ్డ ఆమె వార్డులో ముప్పై ఏళ్లు రాసిన చార్టులన్నీ దానికి మేతగా వేశారు. అందుకుగాను ఆమెకు ఒక పతకం, ఒక శాలువా, ఎవరూ తినని యాపిల్ పళ్ల బుట్టా దక్కాయి.

ఆ ఉదయం పదకొండింటికి ఆమె రౌండ్లకు వచ్చేసరికి ఏడో మంచం మీద పోలారావు లేచి కూర్చుని ఉన్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. మోకాలి ఆపరేషన్ అయి మూడు రోజులైంది.

"ఆయాసంగా ఉందమ్మా."

"పొద్దుట్నించీ ఇదే పాట మేడమ్," అంది డ్యూటీ నర్సు సలోమి. "స్క్రీను చూడు తాతా, ఎంత పచ్చగా ఉందో."

"స్క్రీనుకి బాగానే ఉందే తల్లీ. నాకే బాలేదు."

స్క్రీను మీద ఊపిరి నిమిషానికి పద్దెనిమిది. అతని డొక్కలేమో కొలిమితిత్తుల్లా ఎగసిపడుతున్నాయి. కరుణకుమారి వాచీ చూసుకుంటూ లెక్కపెట్టింది. ముప్పై ఆరు. పెదవులు నీలం తిరుగుతున్నాయి.

ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డ. ఆక్సిజన్ పెట్టి హడావుడిగా ఐసీయూకి తరలించారు. సంగతి సాయంత్రానికి గాని చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆమె స్క్రీను ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు లెక్కపెట్టలేదా?"

"మొదట్లో పెట్టాను మేడమ్," అంది పెద్దక్క. "మీ చార్టులతో సరిపోలితేనే నాకు మార్కులు. లెక్కపెట్టినప్పుడల్లా మార్కులు తగ్గాయి. చార్టుల్లో నూటికి తొంభై ఆరుగురికి పద్దెనిమిదే ఉంది. అది రాస్తే నిండుగా వచ్చాయి. మంచి నర్సులు లెక్కపెట్టరని అర్థమైంది."

డ్యూటీ దిగే హడావుడిలో పడక వెంట పడకకు పద్దెనిమిదని రాసుకుంటూ పోయిన రోజులు ఆమె కళ్లముందు తిరిగాయి. తనకు ఆ అంకె నేర్పిన సీనియర్ పేరు బాగానే గుర్తుంది. తను ఎంతమందికి నేర్పిందో మాత్రం గుర్తులేదు.

"మిగతా ముప్పై తొమ్మిది మంది ఎలా ఉన్నారు?"

"తెలియదు మేడమ్. రాశాను. చూడలేదు."

"సలోమీ, ఇంకొకర్ని తోడు తీసుకో. ప్రతి మంచం దగ్గరా నిండా నిమిషం నిలబడి లెక్కపెట్టండి."

ఇద్దరు మనుషులు, ముప్పై తొమ్మిది మంచాలు. ఎంత పరుగెత్తినా ఇరవై నిమిషాలు పడుతుంది.

కాగితం ఆరు నిమిషాల్లో వచ్చింది.

"అందరూ బాగున్నారు మేడమ్," అంది సలోమి. ఆ గొంతులో అబద్ధమాడుతున్న జంకు లేదు. కరుణకుమారిని భయపెట్టింది అదే.

కరుణకుమారి తిట్టలేదు. ఒకటో మంచం దగ్గరికి స్టూలు లాక్కుని, నిద్రపోతున్న మనిషి ఛాతీ మీద చూపు నిలిపి లెక్క మొదలుపెట్టింది. సగం నిమిషానికి తొమ్మిది. రెండుతో గుణిస్తే పోలేదా అనుకుంటూండగానే చెయ్యి పెన్ను మీదకు పోయింది.

పైన కెమెరా కన్ను రోగిని వదిలి, మెల్లగా ఆమె వైపు తిరిగింది.

"సగం నిమిషం లెక్కపెడితే చాలా మేడమ్?" అని ఎంతో వినయంగా అడిగింది పెద్దక్క.