తోక దించితే ముక్కు లేస్తుంది

విన్నిపెగ్‌లో కర్లింగ్ పోటీ రసపట్టులో ఉంది. మంచు మీద రాయి జారుతోంది. దాని ముందు ఇద్దరు చీపుళ్ళతో తెగ ఊడుస్తున్నారు. జనం గొంతులు చించుకుంటున్నారు. ఆ గోలలో తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. చప్పట్లు కొట్టడానికి లేచిన ఒకాయన పక్కకి చూస్తే, ఆల్డెన్ ప్రూ కాఫీ కప్పు చేత్తో పట్టుకునే ఒరిగిపోయి ఉన్నాడు. కోటంతా రక్తం.

ఉత్తరాన దేశానికి కాపలా కాసే రాడార్ కేంద్రంలో ప్రూ ఇంజనీరు.

"ల్యాబ్‌కి తెస్తున్న క్రిస్టల్ అతని జేబులో లేదు," అన్నాడు ఒట్టావాలో భద్రతా పోలీసు చీఫ్ పెంబ్రోక్, నోట్లో పైపు తియ్యకుండానే. "బొటనవేలి గోరంత ఉంటుంది. అది దాటిపోయిందా, మన రాడార్ గుట్టంతా బట్టబయలు. ఆ తర్వాత శత్రువుల బాంబర్లు మన పెరట్లోకి పిల్లుల్లా వచ్చేస్తాయి."

"ఎవరి పని సార్?" అంది అతని కింద పనిచేసే సిగ్రూన్ హాల్డోర్సన్.

"క్రెయిల్ ముఠా. శుక్రవారం మీ సరస్సు పక్క సాండ్‌విక్ ఎయిర్‌స్ట్రిప్‌లో విన్నిపెగ్ నుంచి ఒక చిన్న విమానం దిగుతుంది. క్రెయిల్ అక్కడ ఎక్కి ఉత్తరానికి ఉడాయిస్తాడు. పైలట్ పేరు వాల్‌కూర్. ముఠాలో ఉన్న మనవాడు."

"ముఠాలో మనవాడా, మనలో ముఠావాడా?"

పెంబ్రోక్ మొహం చిట్లించాడు. "కోడ్ గుర్తుంచుకో. 'చేపలు పడుతున్నాయా?' అంటాడు. 'వలని అడుగు' అను. నీ పని క్రిస్టల్ వెతకడం, విమానాన్ని ఎగరనివ్వకపోవడం."

సిగ్రూన్ తండ్రి ఆ సరస్సు చేపల్ని విమానంలో పట్నానికి తోలిన మనిషి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆమె చేతులకి ఇంజన్ నూనె అంటుకునే ఉంది. అంచేత వేషం పెద్ద కష్టం కాలేదు. మాసిన ఓవరాల్ తొడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని, సాండ్‌విక్‌లో ముసలి గిస్లీ హ్యాంగర్‌లో మెకానిక్‌గా చేరింది. ఆమె ఎవరో గిస్లీకి తెలీదు.

శుక్రవారం మధ్యాహ్నం విమానం దిగింది. తలుపు తీసుకుని వాల్‌కూర్ దిగాడు. మెడలో పట్టు స్కార్ఫు, పెట్రోలు వాసనని కూడా ఓడించే సెంటు. సినిమా పోస్టర్‌లోంచి నడిచొచ్చినట్టున్నాడు.

"చేపలు పడుతున్నాయా?"

"వలని అడుగు."

అతను నవ్వి గొంతు తగ్గించాడు. "క్రిస్టల్ క్రెయిల్ దగ్గరే ఉంది. వాణ్ణి నేను గాల్లో చూసుకుంటా. నువ్వు పెట్రోలు పోసి పక్కకి తప్పుకో, చాలు."

సిగ్రూన్ తలూపింది. కానీ ఆమె మనసు అతని మాట మీద లేదు. విమానం హ్యాంగర్‌లోకి దొర్లుకుంటూ వస్తున్నప్పుడు ముందు చక్రం వణికింది. ఒకపక్క బరువెక్కిన చక్రమే అలా వణుకుతుంది. విన్నిపెగ్‌లో పోలీసులు ప్రతి విమానాన్నీ సీట్లు కోసి మరీ వెతికారు. టైరు కోసి చూసి ఉంటారా?

"ముందు చక్రం ఒకసారి చూడాలి," అంది.

"అక్కర్లేదు!"

ఆ మాట మరీ తొందరగా వచ్చింది.

"ఊరుకోవయ్యా దొరా!" మూలనుంచి కసిరాడు గిస్లీ. "వణికే చక్రంతో నా రన్‌వే మీంచి ఎవడూ లేవడానికి వీల్లేదు. అమ్మాయ్, ఎత్తు. తోక రెక్కల మీద మాత్రం చెయ్యి వెయ్యకు, వంగుతాయి. ఒంటిని పట్టుకుని దించు."

"తెలుసులే తాతా."

ఆమె పక్క చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టింది. తోక మొదట్లో గట్టి భాగం చూసుకుని ఒళ్ళంతా ఆనించి కిందికి నొక్కింది. త్రాసులో తట్ట లేచినట్టు విమానం ముక్కు లేచింది. తోక కింద కొక్కేనికి పట్టీ తగిలించి, నేలలో పాతిన ఇనప రింగుకి బిగించింది. ముందు చక్రం గాల్లో వేలాడింది. తిప్పింది. అది ఎన్నిసార్లు తిప్పినా అదే వైపు కిందికొచ్చి ఆగింది.

గాలి తీసి, చక్రం విప్పి, ట్యూబు తడిమింది. అతుకు కింద గోరంత గట్టిదనం. అతుకు పీకితే క్రిస్టల్ చేతిలో పడింది.

"అక్కడితో ఆగు," అన్నాడు వాల్‌కూర్. చేతిలో పిస్టల్. అతని వెనకే పొడుగు కోటు మనిషొకడు గిస్లీని మెడ పట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. క్రెయిల్.

"రెండు జీతాలు తింటున్నావన్నమాట," అంది సిగ్రూన్.

"రుచి బావుంటుంది." క్రిస్టల్ లాక్కుని జేబులో వేసుకున్నాడు వాల్‌కూర్. "చక్రం బిగించు. లేదా ముసలాడి బుర్ర పేలుతుంది."

"నా గురించి భయపడకమ్మాయ్," అన్నాడు గిస్లీ. "ఎలాగూ పాత బుర్రే."

సిగ్రూన్ కంప్రెసర్ వేసింది. అది డబడబలాడుతుంటే అతుకు వేసి, గాలి కొట్టి, చక్రం ఎక్కించింది. చక్రం పైన గాలీ నూనే నింపిన లావుపాటి గొట్టం ఉంటుంది. దిగేటప్పుడు కుదుపంతా మింగేది అదే. కంప్రెసర్ గోలలో ఆ గొట్టం మూతి సడలించింది. గాలంతా బుస్సుమని పోయింది. చక్రం గాల్లో వేలాడుతోంది కాబట్టి గొట్టం సాగే ఉంది, చూసేవాళ్ళకి నిండుగానే కనపడుతుంది. మూతి బిగించి లేచింది.

వాల్‌కూర్ టైరుని కాలితో తన్ని చూశాడు. గట్టిగా ఉంది. కాక్‌పిట్‌లోకి ఎక్కాడు. "పట్టీ విప్పు!"

"విప్పను."

క్రెయిల్ తన పిస్టల్ పిడితో కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. రక్తం ఉమ్మేసి, మళ్ళీ నిటారుగా నిలబడింది.

"విప్పవూ?"

"ఈ చేతులు మా నాన్న నేర్పిన పనికి. నీ సామాను మోయడానికి కాదు. కావాలంటే నువ్వే విప్పుకో."

ఆ క్షణంలో గిస్లీ వెనక్కి ఒరిగి, గోడకున్న మంటల సైరన్ మీటని వీపుతో నొక్కేశాడు. ఊరంతా వినపడేలా సైరన్ అరిచింది. రోడ్డు మీద ట్రక్కులు ఆగిన చప్పుడు. కుక్కలు. మనుషుల కేకలు.

"పోదాం పద!" అరిచాడు వాల్‌కూర్. ఇంజన్ అందుకుంది. గాలికి డబ్బాలూ గుడ్డలూ హ్యాంగర్‌లో ఎగిరిపడ్డాయి. "దిమ్మలు తీసెయ్! పట్టీ కొయ్!"

క్రెయిల్ దిమ్మలు తన్నేసి తోక దగ్గరికి పరిగెత్తాడు. వంగి, బిర్రబిగిసిన పట్టీ మీద కత్తి పెట్టాడు.

టప్!

పట్టీ తెగింది. అణిచిపెట్టిన తోక ఒక్కసారి పైకి తన్ని క్రెయిల్ గడ్డానికి తగిలింది. మనిషి వెల్లకిలా పడ్డాడు, లేవలేదు. అటు ముక్కు దభీమని కిందికొచ్చింది. గాలి లేని గొట్టం అడుగుదాకా కుంగిపోయింది. తిరుగుతున్న ప్రొపెల్లర్ సిమెంటు నేలని కొరికింది. నిప్పురవ్వలు, చెవులు చిల్లులుపడే చప్పుడు. ప్రొపెల్లర్ రెక్కలు రెండూ అరటాకుల్లా వంగిపోయాయి. ఇంజన్ దగ్గి ఊరుకుంది.

వాల్‌కూర్ తలుపు తెరిచేసరికి ఎదురుగా సిగ్రూన్. ఒక చేతిలో క్రెయిల్ పిస్టల్. రెండో చెయ్యి చాచింది.

"క్రిస్టల్."

"సిగ్రూన్, ఆలోచించు. ఇద్దరం పంచుకుందాం. ఏ దేశంలోనైనా హాయిగా..."

"నాకీ సరస్సు గాలి చాలు. ఇటివ్వు."

ఇచ్చాడు. స్కార్ఫు నలిగిపోయి ఉంది. బయట మౌంటీ పోలీసుల జీపు ఆగింది. గొడ్డళ్ళతో, బకెట్లతో వచ్చిన ఊరి జనం మంట ఎక్కడా అని వెతుకుతున్నారు.

బేడీలు పడ్డాక గిస్లీ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. వంగిన ప్రొపెల్లర్ని చూశాడు, ఆమె చేతిలోని పోలీసు గుర్తింపు పత్రాన్ని చూశాడు.

"అయితే అమ్మాయ్, నువ్వు మెకానిక్‌వి కావా?"

"కాను తాతా."

గిస్లీ మొహం పాలిపోయింది. "పొద్దున నువ్వు బిగించిన విమానంలోనే కదా, మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికి బయల్దేరింది!"

సిగ్రూన్ చిట్లిన పెదవి నొప్పి పెడుతున్నా నవ్వింది.

"కంగారు పడకు. ఇప్పటివరకూ నేను కావాలని పాడుచేసింది ఈ ఒక్కదాన్నే."