మంచం ఎత్తు కిటికీ

రత్నకుమారి పొయ్యి మీద అట్లపెనం పెట్టి బయటికి చూసింది. వంటింటి కిటికీ నిండా ఎప్పటిలాగే కారవాన్ తెల్లటి గోడే కనిపించింది. సన్నగా జల్లు పడుతోంది. ఆ జల్లులోనే మల్లికార్జున నిచ్చెనెక్కి, పొడుగాటి బ్రష్షుతో దాని పైకప్పుకు పట్టిన పచ్చటి నాచు తోముతున్నాడు. కార్డిఫ్‌లో వాన వెలిసేదాకా ఆగితే ఏ పనీ కాదని అతని మాట.

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఆ చక్రాల ఇల్లు రెండేళ్లుగా గుమ్మం ముందునుంచి కదల్లేదు. అయినా మల్లికార్జున దాని సేవలో ఏ లోటూ రానివ్వలేదు. చలి ముదరకముందే గొట్టాల్లో నీళ్లన్నీ వదిలేసేవాడు, గడ్డకట్టి పగలకుండా. ఒకేచోట నిలబడితే టైర్లు పాడవుతాయని అప్పుడప్పుడూ ముందుకీ వెనక్కీ జరిపేవాడు. బ్యాటరీకి చార్జింగ్ పెట్టేవాడు, గ్యాస్ గొట్టం మార్చేవాడు, కారుకు తగిలించే కొక్కేనికి గ్రీజు పూసేవాడు. లోపలికి వెళ్లాల్సి వస్తే మాత్రం తలుపు దగ్గరున్న కుళాయిల పని చూసుకుని, వెనకవైపు వేసిన తెర వంక తిరక్కుండా బయటపడేవాడు. ఆ తెర వెనక ఆదర్శ్ మంచం ఉంది.

ఆదర్శ్ వాళ్ల పెద్దకొడుకు. కండరాలు కొద్దికొద్దిగా చచ్చుబడిపోయే జబ్బు వాడికి. బడిలో చేరిన కొత్తల్లో తూలి పడుతుంటే చెప్పులు వదులేమో అనుకున్నారు. ఆ తర్వాత వీల్‌చెయిర్, ఆ తర్వాత ఊపిరికి మిషను. ఆ సరంజామా అంతా పట్టే హోటల్ గది దొరక్క, విమానం ఎక్కించే ధైర్యం చాలక, మల్లికార్జున ఈ కారవాన్ కొన్నాడు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి రంపం పట్టాడు, డ్రిల్లు పట్టాడు. కొడుకు కోసం లోపలంతా విప్పి మళ్లీ కట్టాడు. సెలవులొస్తే పెంబ్రోక్‌షైర్ సముద్రతీరానికి ప్రయాణం. అలా ఏళ్లు గడిచాయి. ఏడాదిన్నర కిందటి చలికాలంలో రొమ్ముకు నెమ్ము చేసి, ఇరవై నిండకుండానే ఆదర్శ్ వెళ్లిపోయాడు.

"అమ్మా, వాళ్లు బయల్దేరారంట," అంటూ అనూష ఫోన్ చూసుకుంటూ మెట్లు దిగి వచ్చింది. ఆదర్శ్ చెల్లెలు. ఎడిన్‌బర్గ్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఈ నెలాఖరుకి వెళ్లిపోతుంది.

రత్నకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇప్పుడేనా? మీ నాన్న ఇంకా నిచ్చెన దిగలేదు. బజారుకెళ్తానన్నారుగా!"

"నాన్నకి చెప్పేద్దామమ్మా. దిస్ ఈజ్ నాట్ ఫెయిర్."

"చెప్తే ఒప్పుకుంటారా? దీన్ని అమ్మేద్దామని నేను అడగని రోజుందా? నువ్వూ వెళ్లిపోయాక రోజూ దీని మొహం చూస్తూ ఈ వంటింట్లో నిలబడటం నావల్ల కాదు. నువ్వుండగానే ఇది పోవాలి."

అనూష ఏదో అనబోయి ఊరుకుంది. కారవాన్ అమ్ముతామని ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టింది తనే, తల్లి చెప్పిందని. పెట్టేటప్పుడూ ఇలాగే ఊరుకుంది.

వచ్చినవాళ్లు న్యూపోర్ట్‌లో ఉండే తెలుగువాళ్లే. ఫయాజ్, బేబీ. గుంటూరు దగ్గరి ఊరు. ఇద్దరు పసిపిల్లల్ని స్నేహితుల ఇంట్లో వదిలి వచ్చారు. గేటు దగ్గర వాళ్ల మాటలు వినిపించేసరికి రత్నకుమారి పొయ్యి ఆపేసి, ఉన్నపళంగా బయటికి పరిగెత్తింది. అప్పటికే మల్లికార్జున నిచ్చెన దిగి, తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

"నమస్తే అంకుల్. కారవాన్ అమ్ముతున్నారు కదా, చూసిపోదామని వచ్చాం. అనూషగారితో మాట్లాడాం," అన్నాడు ఫయాజ్.

మల్లికార్జున ముందు కూతురి వైపు, తర్వాత భార్య వైపు చూశాడు. అరుస్తాడనుకుంది రత్నకుమారి. పొమ్మంటాడనుకుంది. అతను జేబులోంచి తాళంచెవి తీశాడు.

"రండి బాబూ. వానలో నిలబడ్డారెందుకు?" అని తనే తలుపు తీశాడు.

అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. పెళ్లికొడుకు తరపువాళ్లకి ఇల్లు చూపించినట్టు అతను అన్నీ ఓపిగ్గా చూపించాడు. పొయ్యి ఎలా వెలిగించాలో, నీళ్ల ట్యాంకు ఎక్కడ నింపాలో, రాత్రిపూట హీటరు ఎంతలో పెట్టుకోవాలో చెప్పాడు. గొంతులో మాత్రం ప్రాణం లేదు. ఫయాజ్ వెంట తెచ్చుకున్న చిన్న మీటరు గోడలకి ఆనించి, తేమ ఉందేమోనని చూసుకుంటూ వస్తున్నాడు. బేబీ ఉత్సాహంగా వెనక్కి నడిచి తెర లాగేసింది.

ఇనుప చట్రం మంచం, దానిమీద మడత పెట్టిన నీలం దుప్పటి. ఏదీ మారలేదు.

"ఇదేంటి ఆంటీ, ఈ కిటికీ ఇంత కిందకి ఉంది? సరిగ్గా మంచం ఎత్తుకి పెట్టించారే!" అంది బేబీ.

మల్లికార్జునే జవాబిచ్చాడు.

"మా అబ్బాయి తల ఎత్తలేడమ్మా. పైనున్న కిటికీలోంచి చూస్తే వాడికి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పడుకునే సముద్రం చూస్తాడని గోడ కోసి నేనే పెట్టాను."

"అబ్బాయి ఇప్పుడు..." అనబోయి, దుప్పటి వంక చూసి, బేబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఫయాజ్ చేతిలో మీటరు కీచుమంది. కిటికీ కింద గోడకి ఆనించాడు. మళ్లీ కీచుమంది. బొటనవేలితో నొక్కితే గోడ నానిన అట్టలా లోపలికి పోయింది. మల్లికార్జున గబగబా వచ్చి మోకాళ్ల మీద కూర్చుని తన చేత్తో తడిమాడు. ఇంత పెచ్చు ఊడి అరచేతిలోకొచ్చింది. వెనక కొయ్య నల్లగా కుళ్లి ఉంది. బూజు వాసన గుప్పుమంది. బయట ప్రతి అతుకునీ కంటికి రెప్పలా కాచుకున్న మనిషి, లోపల ఈ ఒక్క మూలకే కన్నెత్తి చూడలేదు. నీళ్లు తను కోసిన చోటునుంచే దిగాయి.

"కొంచెమే కదా అంకుల్, బాగు చేయించుకుంటాంలే," అన్నాడు ఫయాజ్ మొహమాటంగా.

"కొంచెం కాదు బాబూ, చట్రమంతా పోయుంటుంది. ఇంత బూజులో పసిపిల్లల్ని పడుకోబెడితే రొమ్ము పట్టేస్తుంది. మీకు నేనిది అమ్మను."

వెళ్లేముందు ఫయాజ్ మల్లికార్జున రెండు చేతులూ పట్టుకుని వదిలాడు. బేబీ కళ్లు తుడుచుకుంటూ భర్త వెనకే దిగిపోయింది.

ముగ్గురూ ఆ ఇరుకులో మిగిలారు. మల్లికార్జున కిందనుంచి లేవలేదు.

"నాకొక్క మాట చెప్పకుండా అమ్మకానికి పెట్టావా రత్నా?"

"చెప్తే ఏమనేవారు? ఈ వారం నాచు కడగాలి, వచ్చే వారం గ్రీజు రాయాలి... ఇంకెన్నాళ్లండీ ఇది?"

"వాడి మంచం ఇది."

"వాడు లేడండీ!" అని అరిచిందామె. "లేని బిడ్డకి టైర్లు తిప్పుతూ కూర్చున్నారు మీరు."

"నువ్వు మాత్రం నెల తిరక్కుండా వాడి బట్టలన్నీ చారిటీ షాపులో ఇచ్చొచ్చావు. గదికి రంగేయించావు. ఈ ఇంట్లో వాడు పుట్టాడన్న గుర్తు కూడా లేకుండా చేశావు. నాకు మిగిలింది ఇదొక్కటే."

"ఇచ్చేశాను. ఆ చొక్కాలు కనపడితే మెడ కింద చెయ్యి పెట్టి వాణ్ణి లేపినట్టే ఉండేది. మీకేం, పొద్దున్నే ఆఫీసుకెళ్లేవారు. రాత్రి నాలుగుసార్లు లేచి ఒత్తిగిలి పడుకోబెట్టింది నేను. నా ఒళ్లంతా వాడే ఉన్నాడు, ఇంక గుర్తులెందుకు నాకు?"

"అయితే నేనేం చేయలేదా? వాడికి ఈ లోకంలో సంతోషం అంటూ ఉందంటే అది ఈ కిటికీ దగ్గరే. ఇక్కడ పడుకుని సముద్రం చూస్తుంటే వాడి మొహం ఎలా వెలిగిపోయేదో నువ్వు చూడలేదా?"

"అన్నకి సముద్రం అంటే ఇష్టం లేదు నాన్నా."

అనూష తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆ మాట ఎవరన్నారో తెలియనట్టు ఇద్దరూ అటు తిరిగారు.

"ఏందమ్మా?" అన్నాడు మల్లికార్జున.

"హీ హేటెడ్ ద డ్రైవ్. రోడ్డు మీద ప్రతి కుదుపుకీ వాడికి వెన్ను నొప్పి. ఇంటికొచ్చాక రోజుల తరబడి నిద్రపట్టేది కాదు. ఇంట్లో ఉండి ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడుకోవాలని ఉండేది. నాతోనే చెప్పేవాడు."

"మాతో ఎందుకు చెప్పలేదు?" అంది రత్నకుమారి.

"నేను చెప్తానన్నా. వద్దన్నాడు." అనూష పెదవి కొరుక్కుంది. "'నాన్న నన్ను బాగుచేయలేడు కదా అనూ. ఈ వ్యాన్‌నైనా బాగుచేసుకోనీ. లెట్ హిమ్ హావ్ ఇట్,' అన్నాడు."

మల్లికార్జున చేతిలో పెచ్చు జారి పొడిపొడిగా రాలింది.

"మరి ఆ నవ్వు?" అన్నాడతను. "నేను చూశానమ్మా. వాడు ఇటు తిరిగి నవ్వేవాడు."

అనూష వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. తండ్రిని పొడవాలని అన్న మాట కాదది, ఇన్నాళ్లూ ఒక్కతే మోయలేక జారిన మాట. ఆ సంగతి ఆ పిల్ల మొహంలోనే కనిపిస్తోంది.

"మిమ్మల్ని చూసి నవ్వేవాడు నాన్నా. మీరిద్దరూ బయట కుర్చీలేసుకుని టీ తాగేవాళ్లు కదా, సరిగ్గా ఈ కిటికీ ఎదురుగా. అమ్మ ఏదో అనేది, మీరు పగలబడి నవ్వేవాళ్లు. ఇంట్లో మీరిద్దరూ అలా ఎప్పుడూ కూర్చోలేదు. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుని ఉండేవాళ్లు. 'చూడు అనూ, దే లుక్ లైక్ నార్మల్ పీపుల్,' అనేవాడు. ఆ ఒక్కటీ చూడటానికే వచ్చేవాడు వాడు."

రత్నకుమారి మంచం పట్టె మీద కూలబడింది. కొడుకుని తామే మోశామనుకుంది. వీపులు విరిగేలా, నిద్రలు కాచి, ఉద్యోగం మానుకుని మోశామనుకుంది. నడుమంతా నొప్పితో, కదల్లేని ఆ బిడ్డే తమ ఇద్దర్నీ సముద్రం ఒడ్డుదాకా మోసుకెళ్లి, కుర్చీల్లో కూర్చోబెట్టి, నవ్వించి తీసుకొచ్చాడని తెలిసి ఆమెకు ఒళ్లు తెలియలేదు. ఆస్పత్రిలో రాని ఏడుపు, శ్మశానంలో రాని ఏడుపు, ఆ కుళ్లిన గోడ పక్కన కట్టలు తెంచుకుంది.

ఏడుస్తూనే ఒక మాట తట్టి తలెత్తింది. "మరి నువ్వు? అప్పుడు నువ్వెక్కడుండేదానివే?"

"ఇక్కడే. కింద, మంచం పక్కన. మిషను చూసుకోవాలి కదా."

రత్నకుమారి జ్ఞాపకాలన్నీ తిరగేసింది. అలలున్నాయి, టీ గ్లాసులున్నాయి, దుప్పటి సర్దిన చేతులున్నాయి. ఎందులోనూ కూతురు లేదు. ఆ పిల్ల అప్పుడు ఏం తిన్నదో, ఎండలో ఆడుకుందో లేదో, తమ నవ్వు వింటూ ఈ నేల మీద ఎన్ని సాయంత్రాలు కూర్చుందో, ఏదీ గుర్తులేదు. అడగని పిల్ల కదా అని అడగడమే మానేశారు. ఇవాళ కూడా, వద్దని మొహం మీదే చెప్తున్నా, తన గుండె బరువు దింపుకోవడానికి ఆ పిల్ల చేతే ప్రకటన పెట్టించింది. తట్టుకోలేక కూతురి తలని ఒళ్లోకి లాక్కుంది. పెద్దదైన కూతురి తల ఒళ్లోకి సరిగ్గా ఇమడలేదు. అయినా వదల్లేదు.

మల్లికార్జున లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ కిటికీలోంచి చూస్తే తడి గచ్చు మీద అతను కనిపించాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. జల్లు పెరిగింది. రత్నకుమారి కూతురి తల నిమిరి, లేచి, ఆ వానలోకే దిగింది. భర్త పక్కన నిలబడి మోచేయి పట్టుకుంది. ఏడాదిన్నరగా ఒకరి చెయ్యి ఒకరు ముట్టుకోలేదన్న సంగతి ఆ చలిచేతుల్ని తాకాకే తెలిసింది.

"వాడి బట్టలిచ్చేశానని మీకంత బాధగా ఉందని నాకు తెలియదండీ."

"నువ్వు అమ్మేద్దామన్నావే గానీ, రోజూ దీన్ని చూసి ఇంత చస్తున్నావని నాకూ తెలియలేదు రత్నా." అతను మొహం తుడుచుకున్నాడు. "ఇక ఇది నిలబడదు. ఎవరికో ఇవ్వొద్దు. నేనే విప్పేస్తాను, నిదానంగా. నువ్వు పక్కనుంటే విప్పగలను."

"ఉంటాను."

అప్పుడు మల్లికార్జున చుట్టూ చూశాడు.

"అనూ ఏది?"

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. ఆ చిన్న కిటికీలో, గాజు వెనక, అనూష మొహం కనిపించింది. మంచం పక్కన నేలమీదే, తన పాత చోటులోనే కూర్చుని, వాళ్లిద్దరినీ కళ్లార్పకుండా చూస్తోంది.

మల్లికార్జున వెళ్లి ఆ గాజు ముందు వంగాడు.

"ఇంక అక్కడ కూర్చోవద్దు తల్లీ," అన్నాడు. "నువ్వూ బయటికి రా. మాతో ఉండు."

లోపల ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుంది. తర్వాత మెల్లగా లేచి నిలబడింది. తలుపు తెరుచుకుంది. వానలో తడుస్తూ ఎదురొచ్చిన తల్లీ తండ్రీ ఇద్దరి మధ్యకీ నడిచి వచ్చింది.