రసవాహిని

2094 నాటికి కాకినాడలో నాటకానికి వచ్చేవాళ్ళు కళ్ళజోడు మరిచిపోయినా కంగారుపడేవారు కాదు. కుర్చీలో కూర్చుని తల వెనక్కి ఆనిస్తే చాలు. వేదిక మీది నటి మనసులో ఏముందో అది తిన్నగా వాళ్ళ మనసుల్లోకి వచ్చేసేది. ఆమె జడలో దాచిన గోరంత సెన్సర్ మెదడులోని భావతరంగాల్ని పట్టి కుర్చీలకు పంపేది. ఆ యంత్రానికి రసవాహిని అని పేరు పెట్టారు.

అది వచ్చాకే వారిజాక్షికి కష్టకాలం మొదలైంది. ముప్ఫై ఏళ్ళుగా, నాటకంలో కొడుకును పోగొట్టుకున్న రాణి వేషం కట్టి ఆమె పద్యం అందుకుంటే ఏడవనివాళ్ళు లేరు. ఇప్పుడు అదే పద్యానికి జనం మోకాళ్ళు పట్టుకుని విసుక్కుంటున్నారు.

“గొంతు బంగారమేనమ్మా,” అంది యంత్రం చూసుకునే ఇంజనీరు నస్రీన్. “కానీ పాడేటప్పుడు మీలో దుఃఖం లేదు. మోకాలి నొప్పే ఉంది. రసవాహిని ఉన్నదే పంపుతుంది.”

“లేని దుఃఖం తెప్పించడమేనే పిల్లా నా విద్య!”

వచ్చే నెల నుంచి రాణి వేషం వేరే అమ్మాయిదని కంపెనీ యజమాని పురుషోత్తం తేల్చి చెప్పేశాడు.

ఆ వారమే ఆమె భర్త ఆదిశేషు పోయాడు. ఇరవై ఆరేళ్ళు ఆమె పాటకు హార్మోనియం వాయించినవాడు, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. మధ్యాహ్నానికి దహనం అయిపోయింది.

“ఇవాళ ఆట ఆపేద్దామండీ,” అంది నస్రీన్ పురుషోత్తంతో.

వారిజాక్షి తల దువ్వుకోవడానికి కూర్చుంది.

“సెన్సర్ పెట్టవే,” అంది.

ఆ సాయంత్రం మొదటి పాదానికే హాలంతా మూలిగింది. రెండో పాదంలో ఆమెకు భర్త చల్లటి చెయ్యి గుర్తొచ్చింది. మగవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. రాగం తీస్తూ ఆ చేతిని మళ్ళీ తలుచుకుంది, ఈసారి కావాలనే. జనం లేచి నిలబడ్డారు. తెర మూడుసార్లు ఎత్తాల్సి వచ్చింది.

మేకప్ గది జనంతో నిండిపోయింది. పురుషోత్తం చేతులు జోడించి, “ఇక ఆ వేషం ఎప్పటికీ మీదేనమ్మా,” అన్నాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ఒకామె వారిజాక్షి చేతులు కళ్ళకద్దుకుంది.

“గుండె కడిగినట్టుంది తల్లీ! ఇంత హాయి నేనెప్పుడూ ఎరగను. పొద్దున మీవారు పోయారట కదా! ఇంతకీ, మీకు పిల్లలున్నారా?”

చప్పట్ల వేడి ఇంకా ఒంట్లోనే ఉంది వారిజాక్షికి. నవ్వుతూనే చెప్పింది:

“ఒక్కతే అమ్మాయండీ. అదిగో, గుమ్మం బయట బెంచీ మీద కూర్చుంది.”

గదిలోవాళ్ళంతా ఒక్కసారిగా అటు తిరిగి ఆ అమ్మాయిని ఆకలిగా చూశారు.